జాకీ ప్రెస్ మీద రెండు రంగుల లినో: మార్పిడి సెట్టు పని ఎంతవరకు వచ్చింది

లినో అంటే లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీయడం. అలా తీసిన ప్రింట్లను ఒకరికొకరు పంచుకునే ఈ విడత మార్పిడికి 18 మంది పేర్లిచ్చారు. ఒక్కొక్కరు 20 కాపీలు పంపాలి. సెట్లకు 18, ప్రదర్శన ఫోల్డరుకు ఒకటి, పోస్టులో ఏదైనా నలిగితే దాని బదులు వేయడానికి ఒకటి. కాగితం ఎ4, బొమ్మ ఎ5 దాటకూడదు, రంగులు రెండే, ఇంకు నూనెది. బొమ్మలో ఎక్కడో ఒకచోట ఊరి పేరు తెలుగు అక్షరాల్లో ఉండాలి. అన్నీ చేరాక ఒక్కొక్కరికీ 18 ప్రింట్ల సెట్టు తిరిగొస్తుంది.

ఈ షరతుల్లో తేలిగ్గా కనబడేది 20 అనే అంకె. తిప్పలు పెట్టేదీ అదే. ఒక్క మంచి ప్రింటు కావాలంటే చెక్క గరిటె వీపుతో రుద్ది తీయొచ్చు. ఇరవై ఒకే తీరుగా రావాలంటే ఒత్తిడి, ఇంకు పొర, కాగితం కూర్చునే చోటు మూడూ ప్రతిసారీ మారకుండా ఉండాలి. అందుకే ఇందులో చెక్కుడు కన్నా ప్రెస్ గురించే ఎక్కువ ఉంది.

ప్రెస్ (పూర్తయింది)

6 టన్నుల బాటిల్ జాకీ (వాహనాలు ఎత్తే హైడ్రాలిక్ జాకీ), చుట్టూ ఇనుప ఫ్రేము. ఎ5 బ్లాకు (చెక్కిన పలక) వైశాల్యం 311 చదరపు సెంటీమీటర్లు. జాకీ పూర్తి బలం దాని మీద పెడితే చదరపు సెంటీమీటరుకు 19 కిలోలు పడుతుంది, ఎ4 బ్లాకైతే 9.6 కిలోలే. చెక్కి తీసేసిన చోటు ఒత్తిడి తీసుకోదు కాబట్టి ఇంకున్న చోట పడేది ఇంకా ఎక్కువ. ఎ5 లినోకి జాకీ బలంలో సగం చాలు. ఎ3 చేద్దామనుకునేవాళ్లు మాత్రం 12 టన్నుల జాకీకి వెళ్లాలి, ఫ్రేమునూ ఆ లెక్కన మార్చుకోవాలి.

పై దూలానికి 75×40 ఎంఎస్ (మామూలు ఉక్కు) ఛానెళ్లు రెండు, వీపులు కలిపి. స్టడ్ల (మరలున్న కడ్డీల) మధ్య దూరం 400 మి.మీ. వరకే ఈ జత 6 టన్నులకు నమ్మదగింది. 500 మి.మీ. కావాలంటే 100×50 ఛానెల్ వాడాలి. కింది దూలమూ అంతే. రెంటినీ కలిపేవి నాలుగు 16 మి.మీ. స్టడ్లు, ఒక్కోదానికి పైనా కిందా డబుల్ నట్లు. స్టడ్ల బదులు వెల్డింగ్ చేయించుకున్న ఫ్రేములూ ఉన్నాయి, పనిచేస్తాయి. కానీ వెల్డింగ్ వేడికి ఛానెల్ కొంచెం మెలిపడితే బెడ్డు (బ్లాకు కూర్చునే కింది తలం), పై ప్లేటు సమాంతరం తప్పుతాయి. అప్పుడు సరిచేసే దారి ఉండదు. స్టడ్లయితే నట్టు పావు వంతు తిప్పి సరిచేసుకోవచ్చు.

జాకీని తలకిందులుగా బిగించకూడదు. పంపు నూనె లాగే దారి అడుగున ఉంటుంది, తిరగేస్తే నూనెకు బదులు గాలి లాగుతుంది. కాబట్టి జాకీ కదిలే ప్లేటు మీద నిటారుగా నిలబడి, దాని రామ్ (బయటికి పొడుచుకొచ్చే కడ్డీ) పై దూలాన్ని తోయాలి. ప్లేటు కిందికి దిగుతుంది. ప్లేటు, ప్లైవుడ్, జాకీ కలిపి 12 కిలోల దాకా తూగుతాయి. దాన్ని పైకి లాగడమే కాక రామ్‌ను లోపలికి నెట్టాల్సిందీ స్ప్రింగులే, కాబట్టి నాలుగు స్ప్రింగులు కలిపి 20 కిలోలకు తగ్గకుండా లాగాలి. తక్కువైతే వాల్వు వదిలాక ప్లేటు నెమ్మదిగా, ఒక పక్క ముందుగా లేస్తుంది. ఆ లేవడంలోనే కాగితం జరిగి గీతలు రెండుగా పడతాయి. ఇంకు తప్పనుకుని ఇంకు మారుస్తుంటారు గానీ తప్పు స్ప్రింగులది.

చిన్న ప్రెస్సుల్లో అందరికీ వచ్చే గొడవ ఇంకోటి ఉంది. మధ్యలో నల్లగా, అంచుల్లో పాలిపోయి పడుతుంది. జాకీ నడిమధ్య తోస్తుంది కాబట్టి 12 మి.మీ. ఇనుప ప్లేటు కూడా కంటికి కనబడనంత వంగుతుంది. జాకీ కింద 200 మి.మీ. ఛానెల్ ముక్క అడ్డంగా పెడితే బలం పరచుకుంటుంది. ప్లేటు కింద 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు అతికిస్తే మిగిలిన తేడా చాలావరకు పోతుంది. ఇంకా పాలిపోయిన చోటు ఉంటే పాత లెటర్‌ప్రెస్ (సీసపు అక్షరాల అచ్చు) పద్ధతే దిక్కు. పలచని కాగితం మీద ఒక ప్రూఫు (పరీక్ష ప్రింటు) తీసి, పాలిపోయిన చోట్లు పెన్సిల్‌తో గుర్తించి, అదే ఆకారంలో టిష్యూ కాగితం చింపి పై ప్యాకింగుకు (ప్లేటుకూ కాగితానికీ మధ్య ఉండే పొరలకు) అంటించడం. కత్తిరించకూడదు, చింపాలి. కత్తిరించిన అంచు ప్రింటులో గీతలా తెలుస్తుంది.

ప్యాకింగుకి ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో తీసేసిన పాత రబ్బరు బ్లాంకెట్టు చాలా బాగుంది. మందం 2 మి.మీ.కు కొంచెం తక్కువ, అంతటా సమానం, అడిగితే ఊరికే ఇస్తారు. దానికీ కాగితానికీ మధ్య 1 మి.మీ. నున్నటి అట్ట. ఊలు ఫెల్టు మెత్తన ఎక్కువై కాగితాన్ని చెక్కిన గుంటల్లోకి నెడుతుంది, అక్కడ మిగిలిన గాట్లన్నీ ప్రింటులోకి వస్తాయి.

జాకీకి గేజి లేదు. ప్లేటు తగిలిన క్షణం నుంచి హ్యాండిల్ ఎన్నిసార్లు కొట్టామో లెక్కపెట్టడమే కొలత. తర్వాత పదంకెలు లెక్కపెట్టేంత సేపు ఆపి వాల్వు వదలాలి. వాల్వు ప్రతిసారీ గట్టిగా మూయకపోతే ఈ లెక్కకు అర్థం లేదు.

ఇంత ఇనుము వద్దనుకునేవాళ్లకు, జర్మనీలో మార్టిన్ ష్నైడర్ మొదలుపెట్టిన ఓపెన్ ప్రెస్ ప్రాజెక్టు ఉంది. బుల్లి రోలరు ప్రెస్సు డిజైను ఫైళ్లు ఉచితం, 3డి ప్రింటరు మీద భాగాలు తీసుకోవచ్చు. విజిటింగ్ కార్డంత బొమ్మలకు ముచ్చటగా ఉంటుంది. ఎ5కి పనికిరాదు.

బ్లాకు, అక్షరాలు (పూర్తయింది)

3.2 మి.మీ. లినో, 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన బోర్డు) మీద ఫెవికాల్‌తో. ఎండీఎఫ్‌కు వెనక కూడా వార్నిష్ వేయాలి, లేకపోతే వానాకాలంలో ఒకవైపే తేమ పీల్చి పడవలా వంగుతుంది. జాకీ ప్రెస్‌కు బ్లాకు ఎత్తు ఎంతైనా ఫరవాలేదు. ట్రెడిల్ (కాలితో తొక్కే పాత లెటర్‌ప్రెస్ యంత్రం) మీద తీసేవాళ్లకు మాత్రం సీసపు అక్షరం ఎత్తు 23.3 మి.మీ. కచ్చితంగా కావాలి. లినో, ఎండీఎఫ్ కలిపి 21.2 వస్తుంది, మిగతా 2.1 అట్టతో పూరించాలి. తక్కువైతే రోలర్లు తాకవు. అర మిల్లీమీటరు ఎక్కువైనా రోలర్లు బ్లాకు అంచుల్ని ఎక్కి దిగుతూ పక్కగోడలకు ఇంకు పూస్తాయి. డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కూర్చడం) వచ్చాక ట్రెడిళ్లు చాలావరకు పాత ఇనుము కింద పోయాయి. ఈ మార్పిడిలో ఉన్న ఒక్క ట్రెడిల్‌ను నలుగురు వంతులవారీగా వాడుకుంటున్నారు.

బొమ్మ ఎక్కించడానికి లేజర్ ప్రింటు తిప్పకుండా మామూలుగానే తీసి, బోర్లించి, వెనక నుంచి ఎన్‌సీ థిన్నర్‌లో (పెయింటు పలచన చేసే ద్రవంలో) తడిపిన దూదితో రుద్దితే టోనరు లినోకి అంటుకుంటుంది. బ్లాకు మీద తిరగబడి కనిపిస్తుంది, ప్రింటులో సరిగ్గా వస్తుంది. దూది తడి ఎక్కువైతే గీత పాకుతుంది. ఇంక్‌జెట్ కాపీ ఇలా ఎక్కదు. కిటికీలు తెరిచి చేయండి.

అసలు పని అక్షరాల్లో ఉంది. ఊరి పేరనగానే చాలావాటికి చివర పురమో వరమో పట్నమో వస్తుంది, అంటే సున్నా తప్పదు. సున్నా లోపలి తెలుపు 1 మి.మీ. కన్నా సన్నగా ఉంటే మూడో నాలుగో ప్రింటుకే ఇంకుతో పూడిపోతుంది. లోపలి తెలుపు ముందు తీయాలి, బయటి తెలుపు తర్వాత. చుట్టూ లినో నిండుగా ఉన్నప్పుడే గోడ కదలకుండా నిలుస్తుంది. 1 మి.మీ. యు-ఉలి నాటి, చెయ్యి కదపకుండా ఎడమచేత్తో బ్లాకును తిప్పాలి. చెయ్యి తిప్పితే సున్నా పలకలుగా వస్తుంది.

ఒత్తులు ఇంకో చిక్కు. ధ, భ లాంటి అక్షరాల కింద నిలువు గీత 0.8 మి.మీ. కన్నా సన్నగా చెక్కితే ఒత్తిడికి విరుగుతుంది. ధర్మవరం దర్మవరం అవుతుంది, ఆ ఊరివాళ్లు ఊరుకోరు. ఏ గీతకైనా పక్కగోడ బయటికి వాలుగా దిగాలి. లోపలికి కోసుకుపోయిన గీత మొదటి ప్రింట్లలో బాగానే ఉండి మధ్యలో హఠాత్తుగా ఊడుతుంది. పెద్ద ఖాళీలున్న చోట రోలరు కుంగకుండా బ్లాకు బయట రెండు పక్కలా అదే లినో పట్టీలు పెట్టుకోవాలి.

ఇద్దరు లినో వదిలి చెక్క మీద చేస్తున్నారు. కొండపల్లి బొమ్మల పొణికి చెక్క చెక్కడానికి హాయిగానే ఉంటుంది గానీ ప్రెస్ కింద సన్నగీత నలుగుతుంది. ఏటికొప్పాక బొమ్మల అంకుడు దీనికి మేలు, పొందిక దగ్గరగా ఉంటుంది. దుంగలే సన్నవి కాబట్టి వెడల్పు పలక దొరకదు, ముక్కలు అతికించుకోవాలి. పెడన కలంకారీ అచ్చులు చూసి టేకు కొనేవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడ మెత్త పరిచిన బల్ల మీది బట్టకు అచ్చును పైనుంచి అద్దుతారు, మెత్త తేడాల్ని సర్దుకుంటుంది. ఇక్కడ బ్లాకు కింద, కాగితం పైన. తలం ఏమాత్రం ఎగుడుదిగుడుగా ఉన్నా పట్టిస్తుంది.

ఇంకు, మొదటి రంగు (పూర్తయింది)

విజయవాడ, హైదరాబాదు ప్రింటింగ్ సామాన్ల షాపుల్లో దొరికే ఆఫ్‌సెట్ ఇంకే వాడుతున్నాం. లినోకి అది మరీ జారుడు, మరీ జిగట. 100 గ్రాములకు 5 గ్రాముల మెగ్నీషియం కార్బొనేట్ కలిపి చూసి, అవసరమైతే 10 దాకా వెళ్లాలి. జిమ్ముల్లో చేతులకు పూసుకునే తెల్ల చాక్ అదే, రంగూ సువాసనా కలపనిది చూసుకోవాలి. నలభై డిగ్రీల ఎండల్లో ఇంకు ఇంకా పలచబడుతుంది, అప్పుడు పది గ్రాములు తప్పవు. ఎ5 బొమ్మకు ఒక రంగు 30 గ్రాములు కలుపుకుంటే 28 ప్రింట్లకు (చెడినవి పోగా 20 మిగలాలని తీసేవి అన్ని) సరిపోయి మిగులుతుంది. సగంలో అయిపోతే అదే రంగు మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం.

గాజు మీద రోలరు నడిపినప్పుడు సన్నగా చుయ్‌మనాలి. చప్పుడు పెద్దగా చిటపటమంటే, పొర కమలాపండు తొక్కలా గరుకుగా కనిపిస్తే ఇంకు ఎక్కువైందన్నట్టు. బ్లాకు మీద నిలువుగా నాలుగు, అడ్డంగా నాలుగు, మధ్యలో ఒకసారి రోలరు నింపడం. ఈ వరస ప్రతి ప్రింటుకూ అదే. మొదటి మూడు నాలుగు ఎప్పుడూ పాలిపోయే వస్తాయి, లినో ఇంకు పట్టేదాకా వాటిని న్యూస్‌ప్రింటు మీదే తీయాలి.

మొదటి రంగు పసుపు, అందులో సగానికి పైగా ట్రాన్స్‌పరెంట్ మీడియం (రంగు లేని పారదర్శక ఇంకు). రెండోది నలుపు, దీని జిగట మొదటిదానికన్నా తక్కువగా ఉండాలి. ఎక్కువైతే కింది పొరను లేపుకొస్తుంది, నలుపు మచ్చలుగా పడుతుంది. రెండు మూడు చుక్కల లిన్సీడ్ నూనె చాలు. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, ప్యారిస్‌లోని అటెలియే 17 అనే ప్రింట్ల స్టూడియోలో పనిచేసిన కళాకారుడు కృష్ణారెడ్డి ఈ నూనె పాళ్ల తేడానే పట్టుకుని, ఒకే ప్లేటు మీద పలు రంగులు ఒకదాన్నొకటి తోసుకునేలా విస్కాసిటీ పద్ధతిని అభివృద్ధి చేశారు. ఆయన పని లోహపు ప్లేట్ల మీద. జిగట సూత్రం మాత్రం మనకూ అదే.

తుడవడానికి ముందు వంటనూనె, తర్వాత సబ్బునీళ్లు. లిన్సీడ్ నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరే క్రమంలో వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లున్న రేకు డబ్బాలో ముంచి ఉంచండి.

రెండో రంగు (పూర్తయింది, ఆరుతోంది)

కాగితం 200 జీఎస్‌ఎం కాటన్. తడిపితే నలుపు నిండుగా పడుతుంది గానీ రెండు రంగులకు తడపకూడదు. ఒక్క శాతం సాగినా 250 మి.మీ.లో 2.5 మి.మీ. తప్పుతుంది.

కాగితం కూర్చోబెట్టడానికి రెండు రంధ్రాల ఆఫీసు పంచ్ చాలు. రంధ్రాల మధ్య 80 మి.మీ. ఉంటుంది. ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్) పట్టీలకు రంధ్రాలు కొట్టి, కాగితం వెనక మాస్కింగ్ టేపుతో అంటించాలి. బెడ్డు మీది అట్టలో ఆ రంధ్రాలకు బిగుతుగా పట్టే రెండు ఇత్తడి పిన్నులు. కాగితానికే రంధ్రం కొడితే రెండో రంగుకే వదులైపోతుంది. పిన్నుల ఎత్తు బ్లాకు తలాన్ని దాటకూడదు, దాటితే ప్లేటు వాటి మీదే కూర్చుంటుంది. జపాను పద్ధతిలో బ్లాకులోనే చెక్కే కెంతో గుర్తులు (కాగితం మూల, అంచు ఆనించే గాళ్లు) ఇంకా శుభ్రమైన దారి, కానీ చేతి నేర్పు కావాలి.

28 కాగితాల్లో 20 ఎంచడానికి రెండు రంగుల మధ్య తేడా అర మిల్లీమీటరు లోపు ఉండాలని పెట్టుకున్నాం. ఒకే బ్లాకును చెక్కుకుంటూ పోయే రిడక్షన్ పద్ధతి వాళ్లు ముప్పైకి తగ్గకుండా మొదలుపెట్టాలి, వాళ్లకు వెనక్కి వెళ్లే దారి లేదు.

సంతకం పెన్సిల్‌తో, బొమ్మ కింద. ఎడమ అంకె, మధ్య బొమ్మ పేరు, కుడి సంతకం. ఆర్టిస్ట్ ప్రూఫులు (కళాకారుడు తనకు ఉంచుకునేవి) ఎడిషన్‌లో, అంటే అంకె వేసిన మొత్తం ప్రింట్లలో, పది శాతం మించకుండా అంటే రెండు. 3/20 అంటే మూడోదిగా తీసిందని కాదు, ఆరాక ఏ వరసలో ఉంటే ఆ వరసలో వేస్తారు.

మిగిలింది ఆరడం, పంపడం. నూనె ఇంకు గాలిలోని ఆక్సిజన్‌తో గట్టిపడుతుంది, వానాకాలంలో మామూలు కన్నా రెట్టింపు సమయం పట్టొచ్చు. కోబాల్ట్ డ్రయర్ (ఇంకు త్వరగా ఆరేలా చేసే మందు) వేయాలంటే ఇంకు కలిపేటప్పుడే, రెండు శాతం లోపు. దండేనికి క్లిప్పులతో వేలాడదీయండి, కింద ఫ్యాను పెట్టండి, ఎండలో మాత్రం పెట్టొద్దు, కాగితం వంకర తిరుగుతుంది. బొమ్మ మూలన ఒక చుక్క నలుపుని వేలితో గట్టిగా రుద్దితే అంటకపోతే ప్యాకింగుకు సిద్ధం. ప్రతి రెంటి మధ్య బటర్ పేపరు. ఇరవై షీట్లు 250 గ్రాములు తూగుతాయి. వాటిని రెండు ముడతల అట్టల మధ్య, ఒకదాని ముడతలు నిలువుగా, ఇంకోదానివి అడ్డంగా ఉండేలా పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పంపండి. విదేశాల్లో ఉన్న ఇద్దరికి వెళ్లే సెట్ల మీద కస్టమ్స్ ఫారంలో 9702 అని రాయాలి, ఒరిజినల్ ప్రింట్లకు ఉన్న శీర్షిక అదే.