అక్క రిపోర్టులో 2+ అని ఉంది

అక్కకి రొమ్ము క్యాన్సర్ అని తేలాక, చదివి తెలుసుకునే పని నా మీద పడింది. వెతికితే కుప్పలకొద్దీ వచ్చాయి. ఒకరికి ముందు ఆపరేషన్, ఇంకొకరికి ముందు కీమో, మరొకరికి ఏళ్ల తరబడి హార్మోన్ మాత్రలు. అన్నీ నిజమే కావచ్చు, కానీ అక్కకి ఏది వర్తిస్తుంది?

అందుకే పాథాలజీ రిపోర్టు (గడ్డ ముక్కని ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చేది) కాపీ తీసుకుని, అందులో ఉన్న మాటలతోనే వెతకడం మొదలుపెట్టాను. గ్రేడ్ 2 అని చూసి ఇంట్లో అందరూ స్టేజ్ 2 అనుకున్నారు. గ్రేడ్ అంటే మైక్రోస్కోపు కింద ఆ కణాలు మామూలు కణాలకి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పేది. గడ్డ ఎంత ఉంది, లింఫ్ గ్రంథుల్లోకి, వేరే అవయవాల్లోకి పాకిందా అన్నది స్టేజ్ చెబుతుంది.

హర్-2 దగ్గర 2+ అని ఉంది. హర్-2 అంటే కణాల మీద ఉండే ఒక ప్రోటీన్, అది మరీ ఎక్కువుంటే క్యాన్సర్ కణాలు త్వరగా పెరుగుతాయి. ప్లస్ ఉంది కదా, పాజిటివే అన్నారు బావగారు. ఆ రాత్రంతా ఆ రకానికి ఇచ్చే మందుల గురించి, అవి గుండెని దెబ్బతీస్తాయేమోనని ఒకటే టెన్షన్. తీరా చదివితే 0, 1+ నెగటివ్, 3+ పాజిటివ్. 2+ అంటే ఇంకా తేలలేదని, ఫిష్ అనే మరో పరీక్ష చేయాలని. డాక్టర్ గారిని అడిగితే శాంపిల్ అప్పటికే పంపామన్నారు. చివరికి నెగటివ్ వచ్చింది. మేం భయపడ్డ మందుల అవసరమే లేకపోయింది.

నాకు బాగా పనికొచ్చినవి అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పీడీక్యూ వ్యాసాలు. ఒకే విషయం మీద రోగులకి ఒకటి, డాక్టర్లకి ఒకటి ఉంటాయి. ఎప్పుడు సవరించారో తేదీ కూడా వేస్తారు. ముందు రోగులది చదివి, ఆ తర్వాతే రెండోది తెరిచేదాన్ని.

చుట్టాల ఫార్వర్డులు సరేసరి. పంచదార మానేస్తే గడ్డ ఆకలితో చచ్చిపోతుందట! ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజ్ వాడుకుంటుంది, క్యాన్సర్ కణం ఒక్కటే కాదు. ఫలానాది క్యాన్సర్‌ని చంపేస్తుందని ఇంకొన్ని. ల్యాబ్‌లో గాజు పాత్రలో క్యాన్సర్ కణాల్ని చంపిన పదార్థం మనిషిలోనూ అలాగే పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. జబ్బు బయటపడ్డ ఐదేళ్లకి నూటికి ఎంతమంది బతికున్నారో చెప్పే 'ఐదేళ్ల సర్వైవల్' అంకెలు మాత్రం నేను అక్కకి చూపించలేదు, తనూ అడగలేదు. ఐదేళ్లే బతుకుతారని దానర్థం కాదు. పైగా అవి కొన్నేళ్ల కిందట జబ్బు బయటపడినవాళ్ల లెక్కలు.

అక్కకి నిద్ర పట్టకపోవడం, తన చికాకు గురించి నేను ఎక్కడా వెతకలేదు. నర్సమ్మ, "మీ దిగులు సున్నా నుంచి పదిలో ఎంత?" అని అక్కని నేరుగా అడిగారు. ఎనిమిది అంది అక్క. అదే వారం కౌన్సెలర్ దగ్గరికి పంపారు.

ఆ నర్సమ్మే ఒక కాగితం ఇచ్చారు: కీమో జరుగుతున్నన్ని రోజులు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే, ఎంత రాత్రయినా ఫోన్ చేయాలి, పొద్దుటిదాకా ఆగకూడదు. రెండో కీమో తర్వాత ఒక అర్ధరాత్రి 38.3 చూపించింది. పారాసిటమాల్ వేసి చూద్దామన్నారు బావగారు. కాగితం చూపించి ఫోన్ చేశాను. వెంటనే రమ్మన్నారు. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోయాయి, తెల్లారకముందే యాంటీబయాటిక్స్ ఎక్కించడం మొదలుపెట్టారు.