మగ్గాల మేడల నుంచి గాజు మేడల దాకా

లండన్‌లో టవర్ హామ్లెట్స్ బరోకి (నగరంలో ఒక పాలనా విభాగం) వెళ్ళే పర్యాటకులు చాలామంది టవర్ ఆఫ్ లండన్ కోట చూసి తిరుగుముఖం పడతారు. నేను ఆ కోటను బయటినుంచే చూసి స్పిటల్‌ఫీల్డ్స్ దారి పట్టాను. అక్కడి నేతగాళ్ళ ఇళ్ళు చూడాలని ఎప్పటినుంచో కోరిక.

ఫోర్నియర్ స్ట్రీట్ ఇళ్ళు 1720ల నాటివి. కింది అంతస్తులు మామూలు ఇటుక ఇళ్ళలాగే ఉంటాయి. తలెత్తి చూడాలి. పైన అటకలో దాదాపు గోడ వెడల్పంతా కిటికీలే! ఫ్రాన్సులో మతహింస పడలేక పారిపోయి వచ్చిన హుగెనో (ఫ్రెంచి ప్రొటెస్టెంటు) పట్టు నేతగాళ్ళు ఆ అటకల్లో మగ్గాలు వేసుకున్నారు. లండన్ మబ్బుల్లో పడుగు పోగు కంటికి ఆనాలంటే అంత కిటికీ ఉండాల్సిందే. ఆ చుట్టుపక్కల వీధుల్లో కొన్ని ఇళ్ళ ముందు గుర్తుగా పెద్ద చెక్క కండెలు వేలాడదీశారు.

ఇక్కడే మన బందరు గుర్తొచ్చింది. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టాక, కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు లండన్ ఆడవాళ్ళకు తెగ నచ్చేశాయి. బేరాలు తగ్గిన ఈ వీధుల నేతగాళ్ళు 1719లో అల్లర్లకు దిగి, ఆ గుడ్డ కట్టిన ఆడవాళ్ళ మీద సిరా చల్లారు, బట్టలు చించారు. 1721లో పార్లమెంటు అద్దకం నూలుబట్టల వాడకాన్ని చాలావరకు నిషేధించింది. నేతగాళ్ళ కడుపుమంట అర్థమవుతుంది గానీ, బందరువాళ్ళు చేసిన తప్పేమిటో!

వీధికి ఒక కొసన వాస్తుశిల్పి హాక్స్‌మూర్ కట్టిన క్రైస్ట్ చర్చి, తెల్లటి పోర్ట్‌లాండ్ రాయి, 1729లో పూర్తయింది. గంభీరమే, కానీ నన్ను నిలబెట్టేసింది రెండో కొసన బ్రిక్ లేన్ మూలమీది ఇటుక కట్టడం. 1743లో హుగెనోల ప్రార్థనాలయంగా మొదలై, తర్వాత మెథడిస్టులనే మరో క్రైస్తవ శాఖ చేతికి, 1898లో యూదులకు, 1976లో బంగ్లాదేశీ ముస్లింలకు వచ్చింది. ఇప్పుడు మసీదు. పక్కన 2009 నాటి స్టీలు మినార్ నిగనిగలాడుతోంది. గోడ పైభాగాన పాత నీడగడియారం అలాగే ఉంది. ఈ ఊళ్ళో దానికి పని దొరికే రోజులు తక్కువే!

అక్కడికి దగ్గర్లోనే బౌండరీ ఎస్టేట్. ఓల్డ్ నికల్ అనే మురికివాడను పడగొట్టి లండన్ కౌంటీ కౌన్సిల్ కట్టించిన ఈ ఇళ్ళను 1900లో ప్రారంభించారు. మధ్యలో ఆర్నాల్డ్ సర్కస్ అనే గుండ్రటి తోట, దాని చుట్టూ ఏడు వీధులు, చారల ఇటుక గోడలు. తోట దిబ్బ కూల్చిన ఇళ్ళ శిథిలాలతో పోసిందే. ఈ బరోలో అన్నిటికన్నా నాకు నచ్చిన చోటు ఇదే. కాకపోతే కొత్త ఇళ్ళ అద్దె కట్టగలిగిన పాత నివాసులు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే.

వైట్‌చాపెల్‌లో డేవిడ్ అజయే రూపకల్పన చేసిన ఐడియా స్టోర్ లైబ్రరీ ఉంది. 2005 నాటిది. నీలం, ఆకుపచ్చ గాజు పలకలు ఎదుటి సంత దుకాణాల చారల పందిళ్ళను గుర్తుచేస్తాయి. లోపల హోంవర్కు చేసుకుంటున్న పిల్లల సందడి.

కానరీ వార్ఫ్‌కు డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైల్లో వెళ్ళాను. 1802 నాటి వెస్టిండియా డాక్స్ నీళ్ళ మీదుగా లేచిన బ్యాంకుల ఊరది. మన సాఫ్ట్‌వేర్‌వాళ్ళు చాలామందికి తెలిసిన చోటే కాబట్టి ఎక్కువ చెప్పను. సీజర్ పెల్లి రూపొందించిన వన్ కెనడా స్క్వేర్ 235 మీటర్లు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను, మనసు మాత్రం కదల్లేదు.

పక్కనే పాప్లార్‌లో వాస్తుశిల్పి గోల్డ్‌ఫింగర్ కట్టిన బాల్ఫ్రన్ టవర్ వేరే సంగతి. 26 అంతస్తుల బోడి కాంక్రీటు. లిఫ్టుల గోపురం విడిగా ఉంటుంది, మూడేసి అంతస్తులకో వంతెన. తాను కట్టింది ఉండటానికి పనికొస్తుందో లేదో చూడాలని 1968లో ఆయన భార్యతో సహా అందులో రెండు నెలలు కాపురమున్నాడు. కౌన్సిల్ ఇళ్ళుగా (స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చేవి) కట్టిన ఆ ఫ్లాట్లను ఈ మధ్య బాగుచేసి ప్రైవేటు మార్కెట్లో పెట్టారు. దగ్గర్లోని రాబిన్ హుడ్ గార్డెన్స్ అనే కౌన్సిల్ ఇళ్ళ సముదాయానికైతే ఆ పాటి అదృష్టం కూడా దక్కలేదు. దాన్ని కూల్చేశారు, ఒక ముక్కను మాత్రం మ్యూజియం వాళ్ళు పట్టుకుపోయారు.