పదిహేడో వాడు

సంచికకి ఏదో ఒకటి రాయమన్నప్పుడు హాస్టల్ గోడ దూకిన ముచ్చట్లు రాద్దామనుకున్నాను. ఈలోగా మన కాలేజీ నుంచే జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, ట్రెకింగ్ క్లబ్బుని ఆపేశారు. పేరు ఉంచుతారట. కొండెక్కకూడదట, అంతే." ఈత క్లబ్బు ఉంటుంది, నీళ్ళు మాత్రం ముట్టుకోవద్దన్నట్టుంది.

మా రోజుల్లో క్లబ్బంటే మెట్ల కింద గది. రెండు తాళ్ళు, ఏడు హెల్మెట్లు, అట్ట ఊడిపోయిన రిజిస్టరు. అందులో తాడుకో పేజీ: ఎప్పుడు కొన్నాం, ఎవరు వాడారు, దాని మీద ఎవరైనా జారి వేలాడారా. ట్రిప్పుకి ముందురోజు సాయంత్రం ఫస్టియర్ వాళ్ళకి ఒకటే పని. 50 మీటర్ల తాడుని ఈ కొస నుంచి ఆ కొస దాకా, కళ్ళు మూసుకుని, వేళ్ళ మధ్య నుంచి జార్చాలి. పైతొడుగు కొత్తదానిలా మెరుస్తున్నా లోపలి పోగులు దెబ్బతిన్న చోట వేళ్ళకి మెత్తగా, బోలుగా తగులుతుంది. తగిలితే అక్కడికి కోసెయ్యాల్సిందే. "ఇంత ఖరీదైన తాడుని..." అని నేనొకసారి గొణిగితే మా సీనియర్ ఏమీ అనలేదు, కత్తి తీసి నా చేతికే ఇచ్చాడు.

ఇక నా ఘనకార్యం. థర్డియర్‌లో నన్ను అందరికంటే వెనక నడిచేవాడిగా పెట్టారు. నా వెనక ఎవరూ మిగలకూడదు, ఉద్యోగం అంతే. ఆ రోజు పదిహేడుమందిమి. దిగేటప్పుడు ఒక ఫస్టియర్ కుర్రాడు బూటు లేసు కట్టుకోవడానికి ఆగాడు. "వచ్చెయ్, మెల్లగా నడుస్తుంటా" అని దాటేశాను. పది నిమిషాల్లో పొగమంచు కమ్మింది. కిందికొచ్చి లెక్కపెడితే పదహారు. నన్ను నేను కలుపుకోలేదేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. కలుపుకున్నాను. పదహారే.

మా క్లబ్బులో మొదటి రోజే అందరి మెడలో ఒక ఈల వేసేవాళ్ళు. ఆపదలో ఉంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. విన్నవాళ్ళ జవాబు నిమిషానికి మూడు. ఇది మా సొంత కవిత్వం కాదు, కొండల్లో తిరిగేవాళ్ళు దేశదేశాల్లో వాడే గుర్తు. దారి తప్పితే ఉన్నచోటే కూర్చోవాలన్నది రెండో పాఠం. రెండు గంటలు వెతికాక ఎక్కడో ఎడమవైపు వినిపించింది. వేళ్ళు మడుస్తూ విన్నాను. ఆరు. జవాబివ్వాలని ఈల నోట్లో పెట్టుకున్నాను గానీ నోరు పిడచగట్టి మోగలేదు. పక్కవాడు ఊదాడు. వెళ్ళేసరికి వాడు బండకి ఆనుకుని, బ్యాగు కింద వేసుకుని కూర్చున్నాడు. లేసు ఇంకా ఊడే ఉంది. "మీరు చెప్పినట్టే కదల్లేదన్నా" అన్నాడు.

సోమవారం మేమే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాం. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూసి, "వాడు దొరక్కపోతే కోర్టు మెట్లెక్కేది నేను, నువ్వు కాదు" అన్నారు. క్లబ్బుని మాత్రం మూయలేదు. వెళ్ళేవాళ్ళ పేర్లు, ఎక్కడున్నా సరే వెనక్కి మళ్ళాల్సిన గంట, తిరిగొచ్చే వేళ కాగితం మీద రాసి ఆఫీసులో ఇవ్వమన్నారు. వచ్చాక ఎంత రాత్రయినా తన ఇంటికి ఫోన్ చెయ్యమన్నారు. చేసేవాళ్ళం, ఒక్కోసారి వాళ్ళావిడే ఎత్తి "అందరూ వచ్చారా బాబూ?" అనేవారు.

ఆయన భయం ఉత్త భయమని నేననను. అమెరికాలో హాచ్‌కిస్ అనే స్కూలు 2007లో పిల్లల్ని చైనా తీసుకెళ్ళింది. ఒక అమ్మాయికి పురుగు కాటుతో మెదడువాపు వచ్చి మాట పోయింది. 2013లో జ్యూరీ 4 కోట్ల 15 లక్షల డాలర్లు కట్టమంది. ఆ అంకె చూశాక ఏ అధికారికైనా చెయ్యి వణుకుతుంది. పైగా తల్లిదండ్రుల చేత ఎన్ని అండర్‌టేకింగులు రాయించుకున్నా, ఘోరమైన నిర్లక్ష్యం రుజువైతే చాలాచోట్ల ఆ కాగితం కాపాడదు. అమెరికాలోనే పెన్ స్టేట్ యూనివర్సిటీలో 1920 నాటి ఔటింగ్ క్లబ్బుకి 2018లో ఇదే గతి పట్టింది. విద్యార్థులే నడిపే ట్రిప్పులు ఆపెయ్యమన్నారు, గుహల క్లబ్బు, స్కూబా క్లబ్బు కూడా అదే దెబ్బలో పోయాయి. చెప్పిన కారణాల్లో ఒకటి, వీళ్ళు వెళ్ళేచోట ఫోన్ సిగ్నల్ ఉండదని. నవ్వొచ్చింది. మాకు సిగ్నల్ సంగతి అటుంచి ఫోనే లేదు, అందుకే మెడలో ఈల.

ఇక మన కాలేజీ వాళ్ళు బయటి నుంచి జీతం మీద గైడుని పెట్టి ఏడాదికో ట్రిప్పు వేస్తారట. మంచిదే, నాకంటే బాగా లెక్కపెడతాడు. కానీ తాడు మీద వేళ్ళు జార్చడం ఆ పిల్లలకి ఎవరు నేర్పుతారు? మెట్ల కింద గదికి తాళం వేశారట. రిజిస్టరు లోపలే ఉంది.

ఇవన్నీ ఫోన్‌లో వాడికి చెప్తుంటే మధ్యలో ఆపాడు. "మేం మానలేదన్నా. మొన్న ఆదివారం కూడా వెళ్ళొచ్చాం, మామూలుగా, ఫ్రెండ్స్‌మే."

"ఎంతమంది?"

"తొమ్మిదో, పదో."

"తొమ్మిదా, పదా?"

అవతల కాసేపు చప్పుడు లేదు.