గ్రూప్-1 ఎకానమీ: నిరుద్యోగం చాప్టర్ నేనెలా చదివానంటే

సెలక్షన్ లిస్టులో నా నంబర్ కనిపించినప్పటి నుంచి ఫోన్లు ఆగట్లేదు. ఎకానమీలో అన్ని మార్కులెలా వచ్చాయనే అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నా.

బడ్జెట్, బ్యాంకింగ్, ప్రణాళికలు మీరెలా చదువుతారో నేనూ అలాగే చదివాను. తేడా తెచ్చింది నిరుద్యోగం చాప్టరే. మామూలుగా ప్రచ్ఛన్న, చక్రీయ, సంఘృష్ట, నిర్మాణాత్మక అని రకాలు బట్టీ పడతాం, నిరుద్యోగంపై వేసిన దంత్‌వాలా, భగవతి కమిటీలు గుర్తుపెట్టుకుంటాం. ప్రిలిమ్స్‌కి అది చాలు. మెయిన్స్‌లో శ్రామికుల సప్లైకీ డిమాండ్‌కీ మధ్య అంతరాన్ని విశ్లేషించమంటే మాత్రం పెన్ను కదలదు.

నాకు దారి చూపింది పీఎల్ఎఫ్ఎస్ రిపోర్టు, అంటే ఉపాధి, నిరుద్యోగాలపై కేంద్రం చేసే సర్వే. నోట్సు పక్కనపెట్టి టేబుళ్లే ముందేసుకున్నా. నిరుద్యోగ రేటు 2017-18లో 6.1 శాతం, 2023-24లో 3.2. ఇక్కడే ఆగితే సమస్య సగమైపోయిందని రాసొచ్చేస్తాం. కానీ అదే కాలంలో ఉపాధిలో వ్యవసాయం వాటా 44.1 నుంచి 46.1 శాతానికి పెరిగింది. స్వయం ఉపాధి 52.2 నుంచి 58.4కి ఎక్కింది. నెలజీతం ఉద్యోగాల వాటా 22.8 నుంచి 21.7కి జారింది. ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో చెప్పిన నమూనా ప్రకారం మిగులు శ్రామికులు పొలం వదిలి పరిశ్రమల్లోకి పోవాలి. ఇక్కడ వాళ్లు మళ్లీ పొలానికే చేరారు.

ఎందుకో కోడ్ 21 దగ్గర అర్థమైంది. సర్వేలో ఒక్కో మనిషి చేసే పనిని బట్టి ఒక కోడ్ ఇస్తారు. కూలి డబ్బులు తీసుకోకుండా ఇంటి పొలంలోనో కొట్లోనో సాయం చేసేవాళ్ల కోడ్ అది. సర్వే లెక్కలో వాళ్లకు ఉపాధి ఉన్నట్టే. బయట పనిచ్చేవాడు లేకపోతే పేదింటి మనిషి ఖాళీగా కూర్చోలేడు, ఇంటి పనిలోకే దిగి 21లో పడతాడు. పని లేక పనికోసం చూస్తున్నవాళ్లది 81. అందులో ఉండాలన్నా ఇంట్లో తిండి పెట్టేవాళ్లుండాలి. చదువుకున్నవాళ్లలో నిరుద్యోగం ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. (మనలో చాలామందిది ఏ కోడో వేరే చెప్పాలా?)

జవాబు కూడా దీని చుట్టూనే కట్టాను. సప్లై వైపు, శ్రామికశక్తిలో (పని చేస్తున్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు కలిపి) మహిళల భాగస్వామ్యం 23.3 నుంచి 41.7 శాతానికి పెరగడం. డిమాండ్ వైపు, పెట్టుబడి యంత్రాల మీదికే పోవడం, సంస్థలు చిన్నవిగానే మిగిలిపోవడం. మాంద్యంలో పోయిన ఉద్యోగం ప్రభుత్వం ఖర్చు పెంచితే తిరిగిరావచ్చు, నైపుణ్యం కుదరక రాని ఉద్యోగం అలా రాదు. ఈ తేడా రాయకుండా పథకాల పేర్లు ఏకరువు పెడితే మార్కులు రాలవు.

ఒక్క చాప్టర్‌కి ఇంత టైమా అని స్టడీ హాల్లో నవ్వారు. నవ్వనీండి. టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు పోగేసుకోవడం చదువు కాదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. టైమర్ పెట్టుకుని రోజూ ఒక్క జవాబైనా రాయని మనిషికి ఏ మెటీరియలూ పనికిరాదు. సరే, క్లాసు పీకడం ఆపుతా.

ఈసారి రాసేవాళ్లు ఒకటి చూసుకోండి. 2025 జనవరి నుంచి సర్వే పద్ధతి మారింది, ఇప్పుడు నెలనెలా బులెటిన్ వస్తోంది. 2025 ఏప్రిల్‌కి అందులో ఇచ్చిన రేటు 5.1 శాతం. అది సీడబ్ల్యూఎస్, అంటే వారం లెక్క. పై 3.2 ఏడాది లెక్క. రెండూ పక్కపక్కన పెట్టి నిరుద్యోగం పెరిగిందని రాయకండి.