పత్మాసులో పరవాసులు

మా అమ్మమ్మకు బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయం కంఠతా వచ్చు. రాత్రి కుటుంబ ప్రార్థనలో "పత్మాసు ద్వీపమున పరవాసినైతిని" అనే చోటికి రాగానే ఆమె గొంతు కాసేపు ఆగేది. ఆ మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. చివరికి ఈ ఏడాది బయల్దేరాను.

గ్రీసు దీవి పత్మాసులో విమానాశ్రయం లేదు. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో ఓడెక్కితే ఎనిమిది గంటల దాకా పడుతుంది. గాలి ఎక్కువై మా ఓడ ఆలస్యమైంది. అర్ధరాత్రి దాటాక స్కాలా రేవులో దిగాం.

పొద్దున్నే రాళ్ళు పరిచిన పాత బాట పట్టి, ప్రకటన గ్రంథం రాసిన యోహాను ఉన్నాడనే గుహకు నడిచాను. క్రీ.శ. 95 ప్రాంతంలో, రోమా చక్రవర్తి దొమిషియన్ ఏలుబడిలో, ఆయన్ని ఈ దీవికి వెళ్ళగొట్టారని సంప్రదాయం. మెట్లు దిగితే చిన్న గుడి, దానికి ఒక పక్క గోడగా ఆ గుహ. కప్పు బాగా కిందికి ఉంది. అక్కడ బండ మూడుగా చీలింది. యోహానుకు బూరధ్వని లాంటి దేవుని స్వరం అందులోంచే వినిపించిందంటారు. ఆయన శిష్యుడు ప్రొకొరు నిలబడి ఆ మాటలు రాసుకున్న చోటు కూడా చూపిస్తారు. నేలకు దగ్గరగా, యోహాను తల వాల్చిన గుంట, దాని చుట్టూ వెండి పట్టీ. కొంచెం పైన ఇంకో చిన్న గుంట ఉంది. ప్రార్థన అయ్యాక దాన్ని పట్టుకుని లేచేవాడట. అది చూడగానే నాకు కన్నీళ్ళాగలేదు. అమ్మమ్మ కూడా మోకాళ్ళ మీద నుంచి మంచంకోడు పట్టుకునే లేచేది.

కొండమీద యోహాను పేరిట ఉన్న మఠం కోటలా ఉంటుంది. సముద్రపు దొంగల భయం అలాంటిది. 1088లో బైజాంటైన్ చక్రవర్తి అలెక్సియస్ కొమ్నెనోస్ ఈ దీవిని క్రిస్టొడూలోస్ అనే సన్యాసికి రాసిచ్చాడు. ఆ దానపత్రాన్ని ఇప్పటికీ భద్రంగా దాచుకున్నారు. కానీ దాడులకు తట్టుకోలేక ఆ సన్యాసే దీవి విడిచి వెళ్ళి, 1093లో యూబియా అనే మరో గ్రీకు దీవిలో కన్నుమూశాడు. శిష్యులు ఆయన దేహాన్ని తిరిగి ఇక్కడికే తెచ్చారు. ఈ మఠం మొదలుపెట్టినవాడు కూడా పరవాసిగానే పోయాడన్నమాట. 1453లో కాన్‌స్టాంటినోపుల్ పడిపోయాక కొన్ని కుటుంబాలు, 1669లో క్రీటు దీవిలోని కాండియా నగరం తుర్కుల చేతికి పోయాక మరికొన్ని, ఈ గోడల నీడకే వచ్చి చేరాయి. మఠం చుట్టూ ఉన్న ఖోరా ఊరు అలా పెరిగింది. తర్వాత ఇటాలియన్లు, జర్మన్లు ఏలారు. 1948లో గానీ దీవి గ్రీసులో కలవలేదు.

సాయంత్రం పైన నిలబడి బైబిల్ తెరిచాను. "సముద్రమును ఇకను లేదు" అని ఇరవై ఒకటో అధ్యాయంలో ఉంది. చీరాల తీరంలో పెరిగినదాన్ని, చిన్నప్పుడు ఆ మాట నాకు నచ్చేది కాదు. కొత్త భూమి మీద సముద్రం ఎందుకు ఉండకూడదని అమ్మమ్మను అడిగేదాన్ని. ఈశాన్యంగా, సుమారు 100 కిలోమీటర్ల అవతల, ఇప్పటి టర్కీ తీరాన ఎఫెసు. యోహాను సంఘం, ఆయన మనుషులు అక్కడే ఉండేవారు. మధ్యలో అంతా నీళ్ళే.