హోమోసిస్టీన్ ఎక్కువ వచ్చిందా? మెథియోనిన్ ఎంతుందో కూడా చూడండి

ఈ మధ్య హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఓ అమైనో ఆమ్లం) టెస్టు కూడా కలిపేస్తున్నారు, అది కాస్త ఎక్కువ వస్తే చాలు, గుండెకేదో అయిపోయిందని ఇంటిల్లిపాదికీ టెన్షన్. మన దగ్గర చాలాసార్లు కారణం బి12 తక్కువ కావడమే, ముఖ్యంగా శాకాహారుల్లో. నాకు మాత్రం హోమోసిస్టీన్‌ను ఖర్చుచేసే ఎంజైము మీదే ఆసక్తి. పేరు సిస్టాథయోనిన్ బీటా సింథేజ్, నోరు తిరగదు కాబట్టి సీబీఎస్ అందాం.

గుడ్డు, చేప, మాంసం, పాలు, ఏ ప్రోటీన్ తిన్నా అందులో మెథియోనిన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లం ఉంటుంది. శరీరం దాన్ని వాడుకునే క్రమంలో హోమోసిస్టీన్ తయారవుతుంది. అక్కణ్ణించి ముఖ్యంగా రెండు దారులు: బి12, ఫోలేట్ సాయంతో మళ్ళీ మెథియోనిన్‌గా మారడం, లేదా సీబీఎస్ చేతిలో పడటం. సీబీఎస్ బి6ని తోడు పెట్టుకుని దాన్ని సెరీన్ అనే మరో అమైనో ఆమ్లంతో కలిపి సిస్టాథయోనిన్ చేస్తుంది, అది తర్వాత సిస్టీన్ అవుతుంది. ఈ దారిలో పోయింది ఇక వెనక్కి రాదు.

ఏ దారి మూసుకుపోయిందో మెథియోనినే చెప్పేస్తుంది. బి12 లోపమైతే అది మామూలుగానో తక్కువగానో ఉంటుంది. సీబీఎస్ పనిచెయ్యకపోతే హోమోసిస్టీన్‌తో పాటు అదీ పెరుగుతుంది, అదే హోమోసిస్టిన్యూరియా. 1962లో ఉత్తర ఐర్లాండ్‌లో కార్సన్, నీల్ ఈ జబ్బును గుర్తించారు, లోపం ఈ ఎంజైములోనే అని 1964లో తేలింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడితేనే వస్తుంది, కాబట్టి మేనరికాలు ఎక్కువున్న మనవాళ్ళు తెలుసుకోవాల్సిన జబ్బే. లక్షణాలివీ: పిల్లలు పొడుగ్గా సన్నగా ఎదగడం, కంటి లెన్స్ జారడం, పెళుసు ఎముకలు, చదువులో వెనకబాటు, చిన్న వయసులోనే రక్తం గడ్డకట్టడం. చూడ్డానికి మార్ఫన్ సిండ్రోమ్ అనే మరో జన్యు జబ్బులాగే ఉంటుంది గానీ అందులో లెన్స్ ఎక్కువగా పైకి జారుతుంది, ఇందులో కిందికి.

వీళ్ళలో దాదాపు సగం మందికి ఎక్కువ మోతాదు బి6తో హోమోసిస్టీన్ బాగా తగ్గుతుంది. మిగతావాళ్ళకు మెథియోనిన్ తక్కువుండే ఆహారం, హోమోసిస్టీన్‌ను తగ్గించే బీటైన్ అనే మందు. ఇక్కడో తిరకాసు: మామూలు మల్టీవిటమిన్ బిళ్ళలోని బి6 కూడా కొందరిలో రిపోర్టును మామూలుగా చూపించి జబ్బును దాచెయ్యగలదు. అలాంటివి వాడుతుంటే టెస్టుకు ముందే డాక్టరుకు చెప్పండి.

శాంపిల్ సంగతి కూడా చూసుకోవాలి. తీసిన రక్తాన్ని ఐసులో పెట్టకుండా, ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) వేరు చెయ్యకుండా గంటలతరబడి వదిలేస్తే ఎర్ర కణాల నుంచి హోమోసిస్టీన్ బయటికొస్తూనే ఉంటుంది, లేని జబ్బు రిపోర్టులో కనిపిస్తుంది.