అందుగు బంక, ఆ రాత్రి

నన్ను చావుదాకా తీసుకెళ్లింది మోకాళ్ల నొప్పి కాదు, నొప్పి తగ్గడానికని వేసిన మందు. హనుమకొండలో మా వీధి చివర ఉండే ఆర్‌ఎంపీ వెళ్లినప్పుడల్లా ఒక సూది వేసి, డైక్లోఫెనాక్ మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవాడు. కడుపులో మంటగా ఉందని చెప్పినా అవే మాత్రలు.

ఒక సాయంత్రం విరేచనం తారులా నల్లగా అయింది. ఫోన్ చేసి చెబితే, "ఐరన్ మాత్రలు వేసుకుని ఉంటావు, నలుపు దానివల్లే. పొద్దున రా" అని పెట్టేశాడు. నేను ఐరన్ మాత్ర ముట్టనే లేదు. వేసుకున్నావా అని ఒక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయేది?

అర్ధరాత్రి దాటాక లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మాయి. వాంతిలో నల్లటి ముద్దలు. ఒళ్లంతా చల్లటి చెమట. ఆటోలో మా ఆడబిడ్డ నా తల ఒళ్లో పెట్టుకుని, "వదినా, కళ్లు మూయకు, నాతో మాట్లాడు" అంటూ చెంపలు తడుతూనే ఉంది. ములుగు రోడ్డు ఎక్కగానే మేడారం గుర్తొచ్చింది. తల్లీ సమ్మక్కా, నన్ను బతికించు, నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, తూచి ఇస్తానని మొక్కుకున్నాను.

రక్తం ఎక్కించారు, ఎండోస్కోపీ చేశారు, జీర్ణాశయంలో పుండన్నారు. అక్కడి డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని ఓపికగా చెప్పింది. ఆ మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా ఆపుతాయట. కీలులో నొప్పి, వాపు పెంచేవీ, కడుపు లోపలి పొరను కాపాడేవీ అవేనట. ఆమెకు చేతులెత్తి మొక్కుతాను.

పుండు మానింది, మోకాళ్లు మానలేదు. అప్పుడు ఏటూరునాగారం నుంచి మా మేనత్త అందుగు చెట్టు నుంచి కారే బంక తెచ్చింది. లేత పసుపు ముద్దలు, అక్కడక్కడా బెరడు ముక్కలు. నలిపితే వేళ్లకు అంటుకుని టర్పెంటైన్ వాసన వేసింది. "బిడ్డా, మా నాయన కీళ్లకు ఇదే వాడేవాడు" అంది. ఆయుర్వేదంలో దీన్నే శల్లకి అంటారు.

డాక్టరమ్మను అడిగితే నవ్వలేదు, కసరలేదు. పచ్చి బంక వద్దు, శుద్ధి చేసిన సారం మాత్రగా, కాస్త నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకోమంది. ఇందులోని బాస్వెల్లిక్ ఆమ్లాలు వాపును వేరే దారిలో, 5-లైపాక్సిజినేజ్ అనే ఎంజైమును అడ్డుకుని తగ్గిస్తాయని చెప్పింది. 2003లో అచ్చయిన నాగపూర్ పరిశోధనలో 30 మంది మోకాళ్ల రోగులకు ఇస్తే నొప్పి, వాపు తగ్గాయి. ఎక్స్‌రేలో మాత్రం మార్పు లేదు. నా సంగతీ అంతే. అరిగిన కీలు అరిగినట్టే ఉంది, కానీ తొడ కండరాల వ్యాయామంతో పాటు ఇది వాడుతూ మెట్లెక్కుతున్నాను.

అదే సరుకును "యాంటీ ఆక్సిడెంట్, ఏ జబ్బైనా మాయం" అని అమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ప్రయోగశాలలో గాజు గొట్టంలో కనిపించిన గుణమంతా మనిషి ఒంట్లోనూ కనిపించాలని లేదు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టవద్దు.

మొన్న ఆ ఆర్‌ఎంపీ కూరగాయల బండి దగ్గర ఎదురుపడి, "తగ్గిందా అమ్మా?" అన్నాడు. "కడుపు మంట అన్నవాళ్లకు ఆ మాత్రలు ఇవ్వకండి. విరేచనం నల్లగా అయిందంటే పొద్దున రమ్మనకండి, అప్పుడే ఆస్పత్రికి పంపండి" అన్నాను. తల ఊపాడు. ఈసారి విన్నాడనే నమ్ముతున్నాను.